బన్నులో రాగి ఎంత?

మొన్న దసరా సెలవులకు మా మేనల్లుడు బెంగుళూరు నుండి మడకశిర వచ్చాడు. బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టీ పెట్టగానే సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి, తిరుపతి నుండి తెచ్చిన ప్రసాదంలాగా నా చేతిలో పెట్టాడు. "రాగి బర్గర్ మామా! నువ్వు బర్గరంటే చాలు తిడతావు గదా, ఇది మాత్రం తినొచ్చంట, ఆరోగ్యమంట" అన్నాడు. ఏ దుకాణంలో కొన్నాడో ఇక్కడ అప్రస్తుతం. పొట్లం మీద రాగికంకి బొమ్మ ఉంది. లోపల గోధుమవన్నె బన్ను, దాని మధ్యన ఆలుగడ్డ బిళ్ళ, తెల్లటి మయోనైజు, పేరుకు ఒక ఆకు.

మా అమ్మ కళ్ళద్దాలు సవరించుకొని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రాగి తినాలనుంటే ఇంట్లో ముద్ద ఉండనే ఉంది గదరా, దానికి టోపీ ఎందుకు?" అంది. అందరం నవ్వాము. నవ్వు అయిపోయాక ఆ ప్రశ్న మాత్రం నాతో ఉండిపోయింది. పిల్లవాడి మాటలో కొంత నిజముంది, అమ్మ మాటలో కొంత నిజముంది, ఆ రెండు నిజాలనూ అడ్డం పెట్టుకొని బోలెడు అబద్ధం చలామణీ అవుతున్నది. ఈ టపా ఆ అబద్ధం మీద.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. బర్గరును రాక్షసుణ్ణి చేసి దాని మీద బాణాలు వేసే పని నాకు లేదు. ఆ పని 2004లో మోర్గాన్ స్పర్‌లాక్ అనే అమెరికా చలనచిత్రకారుడు చేశాడు. నెలరోజులు మూడు పూటలా మెక్‌డొనాల్డ్స్ తిండే తిని, తన కాలేయం పాడైందని 'సూపర్ సైజ్ మీ' అన్న చిత్రంలో చూపించాడు. లోకమంతా నమ్మింది, నేనూ నమ్మాను, నలుగురికి చెప్పాను కూడా. పదమూడేళ్ళ తరువాత, 2017లో, ఆయనే తనకు ఎన్నో ఏళ్ళుగా మద్యపానవ్యసనం ఉన్నదని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. ఇక ఆ కాలేయం దేనివల్ల పాడైందో ఎవరు చెప్పగలరు? మంచి వాదానికి చెడ్డ సాక్షి దొరికితే వాదమే ఓడిపోతుంది. కనుక సాక్షుల జోలికి పోకుండా లెక్క చూద్దాం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం, నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం దాదాపు 364 మిల్లీగ్రాములు. అంతే మైదాలో ఇరవై. తెల్లబియ్యంలో పదికి లోపే. (కోస్తా మిత్రులు చోళ్ళు అనీ, తెలంగాణ మిత్రులు తైదలు అనీ చదువుకోగలరు.) పీచు రాగుల్లో పదకొండు గ్రాములకు పైన, మైదాలో మూడుకు లోపు. ఇంతవరకు రాగిదే గెలుపు. ఇప్పుడు బన్ను సంగతి. మామూలు బర్గరు బన్ను అరవై గ్రాములనుకుంటే అందులో పిండి నలభై గ్రాములు. ఉదారంగా ఆలోచించి అందులో ఐదో వంతు రాగిపిండి అనుకుందాం. ఎనిమిది గ్రాములు. ఆ ఎనిమిది గ్రాముల వల్ల ఒంటికి చేరగల కాల్షియం ఇరవైతొమ్మిది మిల్లీగ్రాములు. మా ఇంట్లో నూరు గ్రాముల పిండితో కట్టే ఒక ముద్దలో ఉన్న కాల్షియం ఈ బన్నుల ద్వారా రావాలంటే మా మేనల్లుడు పన్నెండు బన్నులు తినాలి. పన్నెండు బన్నులతో పాటు పన్నెండు ఆలుగడ్డ బిళ్ళలు, పన్నెండు మార్లు మయోనైజు. ఆరోగ్యమంటే ఇదేనా?

పైగా వన్నెను బట్టి మోసపోరాదు. బ్రెడ్డుకు గోధుమరంగు తేవడానికి కారమెల్ రంగు చాలు, రాగి అక్కరలేదు. మన దేశపు నిబంధనల ప్రకారం పొట్లాల్లో అమ్మే ఆహారం మీద పదార్థాల పేర్లు పరిమాణాన్ని బట్టి ఎక్కువ నుండి తక్కువకు వరుసలో ఉండాలి. మొదటి పేరు మైదా అయి, రాగి పేరు ఉప్పుకూ ఈస్టుకూ ఇరుగుపొరుగున ఎక్కడో కనబడితే, కంకి బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా అది మైదా బన్నే. మా వాడు తెచ్చిన పొట్లం మీద ఆ వరుసే లేదు. దుకాణంలో అప్పటికప్పుడు చుట్టి ఇచ్చినదానికి ఆ నిబంధన వర్తించదన్నది వారి ధైర్యం కాబోలు.

ఈ కంకి బొమ్మల వెల్లువ ఎక్కడినుండి వచ్చింది? ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ప్రతిపాదన మన దేశానిదే. మంచి పనే. ఆ తరువాత బిస్కత్తు మీద, సేమియా మీద, అటుకుల మీద కంకులు మొలిచాయి. 2024 సెప్టెంబరులో పశ్చిమ, దక్షిణ భారతాల్లోని మెక్‌డొనాల్డ్స్ వారు మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థతో కలిసి తయారుచేసిన చిరుధాన్యాల బన్నును విడుదల చేశారు. రాగి, జొన్న, సజ్జలతో పాటు వరిగలు, అరికెలు కూడా అందులో ఉన్నాయన్నారు. మైసూరు సంస్థ అంటే నాకు గౌరవం. ఉత్త మైదా కన్నా ఆ బన్ను మేలే అని ఒప్పుకోవడానికి నాకు ఏ సంకోచమూ లేదు. నా అభ్యంతరం బన్నుతో కాదు. బన్ను మారితే బర్గరు మారినట్టేనన్న భ్రమతో.

బర్గరు దోషం ఎక్కడుంది? 1996 అక్టోబరులో ఢిల్లీ వసంతవిహార్‌లో మెక్‌డొనాల్డ్స్ తొలి దుకాణం తెరిచినప్పుడు, గోమాంసం లేని బర్గరును అమ్మడం వారికే కొత్త. మన దేశపు రుచికోసం మాంసం స్థానంలో ఆలుగడ్డ బిళ్ళ వచ్చింది. ఈ మార్పు వల్ల జరిగినదేమిటో ఎవరూ చెప్పరు. అమెరికా బర్గరును ఎన్ని తిట్లయినా తిట్టండి, అందులో మాంసముంది గనుక మాంసకృత్తులున్నాయి, ఇనుముంది. మనకు దక్కినది పిండిపదార్థం మధ్యన పిండిపదార్థం. నూరు గ్రాముల ఆలుగడ్డలో మాంసకృత్తులు రెండు గ్రాములు కూడా ఉండవు. దాన్ని బ్రెడ్డుపొడిలో పొర్లించి, మునిగేంత నూనెలో వేయించి, మైదా మధ్యన పెట్టి, మీద ఇంకాస్త నూనెను తెల్లగా చిలికి పూస్తే శాకాహార బర్గరు. పెద్ద దుకాణాల్లో ఒక్క బర్గరులోనే సోడియం తరచుగా 500 మిల్లీగ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ పెట్టిన హద్దు రెండువేలు. దానికి తోడు వేయించిన ఆలుముక్కలు, మళ్ళీ ఉప్పు. ఆపైన చల్లటి డ్రింకు. మూడువందల మిల్లీలీటర్ల కోలాలో ముప్ఫై గ్రాములకు పైబడి చక్కెర. ఇంత తిని, "బన్నులో రాగి ఉంది గదా" అనడం, కల్లుకుండలో తులసిదళం వేసి తీర్థమనడమే.

మయోనైజు మీద ఒక పక్కమాట. పచ్చి గుడ్లతో చేసిన మయోనైజును తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర ఒక ఏడాది పాటు నిషేధించింది. హైదరాబాదులో మోమోలు తిని ఒక మహిళ మరణించి, మరికొందరు ఆసుపత్రుల పాలైన తరువాత. అది క్రిముల భయంతో పెట్టిన నిషేధం. క్రిములు లేకపోయినా గుడ్డు మయోనైజు పెద్ద చెంచాడులో పది గ్రాముల దాకా నూనె ఉంటుందన్నది వేరే సంగతి, దాన్ని ఎవరూ నిషేధించరు.

ఇంకొక సంగతి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ అనే పరిశోధకుడు 2019లో ఒక ప్రయోగఫలితం ప్రకటించాడు. ఇరవై మందిని ఒకచోట ఉంచి, రెండు వారాలు కర్మాగారపు తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టాడు. రెండింటిలోనూ ముందుంచిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానం. ఎంత కావాలంటే అంత తినవచ్చు. కర్మాగారపు తిండి పెట్టిన రోజుల్లో వారు రోజుకు దాదాపు ఐదువందల కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువు పెరిగారు. పోషకాలు సమానమైనా తిండి సమానం కాలేదు. మెత్తగా ఉన్నది త్వరగా దిగుతుంది, కడుపు నిండిన కబురు మెదడుకు చేరేలోపు పళ్ళెం ఖాళీ. రాగి ముద్ద సంగతి తెలిసినవారు ఇక్కడ నవ్వుకుంటారు. దాన్ని నమలరు, మింగుతారు. అయినా రెండో ముద్ద అడిగేవాడు అరుదు.

ఇక్కడిదాకా చదివి తల ఊపుతున్న మిత్రులారా, ఆగండి. ఇప్పుడు మీ వంతు. నా వంతు కూడా.

మన పత్రికల్లోనూ, మన రాతల్లోనూ సంగటి మీద వచ్చిన కన్నీటి వ్యాసాలను నేను లెక్కపెట్టడం మానేశాను. పూర్వులు సంగటి తిని నూరేళ్ళు బతికారట. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుర్దాయం ముప్ఫైరెండేళ్ళ చిల్లర. పసిబిడ్డల మరణాలే దాన్ని అంతగా కిందికి లాగాయన్నది నిజమే, కానీ సంగటి వారిని కాపాడలేదు కదా. రాగి మహిమ చెప్పేవారు దాచే మాట మరొకటి ఉంది: రాగిలో మాంసకృత్తులు ఏడు శాతమే, బియ్యం కన్నా కొంచెం తక్కువే. దాని బలం కాల్షియం, పీచు. మిగిలినది పక్కనుండే ఉలవల చారు, అలసందలు, ఆకుకూర, ఊరిబిండి తెచ్చిపెట్టాలి. మా తాతల నాడు కరువు సంవత్సరాల్లో ఆ పక్కన ఏముండేది? ఉప్పు, మిరపకాయ.

సాహిత్యం చదివినవారం కనుక ఈ పేచీ ఎంత పాతదో మనకు తెలియాలి. పల్నాటి జొన్నకూడు తినలేక విసుక్కున్న చాటువులు శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్నాయి. సన్నన్నం తిన్న నాలుక ముతక ధాన్యాన్ని వెక్కిరించడం ఆనాటిదే. మా మడకశిరకు మూడు దిక్కులా కన్నడదేశమే గనుక అవతలి మాట కూడా మాకు వినబడుతుంది. పదహారవ శతాబ్దంలో కనకదాసు 'రామధాన్యచరితె' రాశాడు. వరికీ రాగికీ ఎవరు గొప్ప అని తగవు వస్తే రాముడు రెండింటినీ ఆరునెలలు చెరలో పెట్టిస్తాడు. గడువు తీరాక చూస్తే వరి పాడైపోయి ఉంటుంది, రాగి చెక్కుచెదరక ఉంటుంది. కురుబకులంలో పుట్టిన భక్తకవి ఏ ధాన్యం పక్షాన, ఎవరి పక్షాన మాట్లాడాడో వేరే చెప్పనక్కరలేదు. మా మేనల్లుడి బన్నును ఆరునెలలు చెరలో పెడితే ఏమవుతుందో నాకు తెలియదు. ఈమధ్య బన్నులు కూడా చెడడం మానేశాయి.

అయితే కనకదాసు చెప్పని సంగతి ఒకటుంది. ఆ రాగులను విసిరినది ఎవరు? మా అవ్వ తెల్లవారుజామున రాగిరాయి ముందు కూర్చునేది. పొయ్యి పొగలో సంగటికట్టెతో కెలికేది. ఉండ కట్టకుండా గెలకడానికి భుజబలం కావాలి. ఆమెకు వరిబువ్వ అంటే పండుగ. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు మా ఊళ్ళో ఎవరూ రాగి కోసం ఏడవలేదు, ఆడవాళ్ళు అసలే ఏడవలేదు. ఒక తరం ఆడవారి నడుము నొప్పి తగ్గించిన బియ్యాన్ని పట్టుకొని, 'పోషకవిలువలు కోల్పోయాం' అని ఈనాడు కుర్చీలో కూర్చొని రాసే నాలాంటి మగవాడు తన ఇంట్లో ముద్ద ఎవరు గెలుకుతున్నారో ముందు చెప్పాలి. మా ఇంట్లో వారానికి రెండుసార్లు నేను గెలుకుతాను. మిగిలిన ఐదు రోజులు మేమూ బియ్యమే.

ఇక పొలం సంగతి. వేరుశెనగ విస్తీర్ణానికి దేశంలోనే పేరుపడిన జిల్లా మాది. 2022 ఏప్రిల్ నుండి మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి గానీ, భూమి అదే, వాన అంతే. రాగి, కొర్ర, సజ్జ, అలసంద కలిపి సాళ్ళు వేసిన చేలల్లో చెనక్కాయ ఒక్కటే మిగిలింది. ఆ చెనక్కాయలో నాలుగోవంతు మాంసకృత్తులు, నలభై శాతం నూనె. మేము దాన్ని మండీకి తోలి, వచ్చిన డబ్బుతో పామాయిలు పొట్లం, మైదా బన్ను కొనుక్కుంటాం. బర్గరు మన మీదికి దండెత్తి రాలేదు. మనమే ద్వారం తీసి ఉంచాం. బేకరీ కూడా కొత్తది కాదు, కన్నడసీమ నుండి వచ్చిన అయ్యంగార్ బేకరీల ఖారాబన్ను తిని పెరిగిన తరం నాది. ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ ఏ నూనెలో వేగుతున్నదో అడగనివాడికి బర్గరు నూనెను అడిగే నైతికహక్కు ఎక్కడిది? కాగి కాగి నల్లబడిన నూనెకు 2018 నుండి ఒక హద్దు ఉంది. దానిలోని ధ్రువ సమ్మేళనాలు పాతిక శాతం దాటితే వాడరాదని. ఆ హద్దు బజ్జీల బండికీ వర్తిస్తుంది.

విమర్శించి ఊరుకోవడం సులువు కనుక, మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని వంటింట్లోకి వెళ్ళాను. షరతు ఒక్కటే: వాడు దాన్ని బర్గరని ఒప్పుకోవాలి. మొదటిరోజు ఉలవలు నానబెట్టి, ఉడకబెట్టి, రుబ్బి బిళ్ళలు తట్టాము. పెనం మీద వేయగానే విడిపోయాయి. పుట్నాలపొడి కలిపితే నిలిచాయి గానీ రుచి మొండిగా ఉంది. రెండోరోజు అలసందలు. నానినవాటిని బరకగా రుబ్బి, ఉల్లిగడ్డ, అల్లం, కొత్తిమీర, తురిమిన క్యారెట్టు కలిపి, పెనం మీద రెండు చెంచాల నూనెతో ఇరువైపులా కాల్చాము. మయోనైజు బదులు మా అమ్మ చేసిన ఊరిబిండి. అందులోనూ నూనె ఉంది, దాచడం లేదు. కానీ అది గింజలోని నూనె, గింజతో పాటే వస్తుంది, మాంసకృత్తులను వెంటబెట్టుకొని. మీద దోసకాయ చక్రాలు, టమేటా, పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండడం. నిమ్మ అలంకారం కాదు: పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపులోని సి విటమిను సాయం కావాలి. తిన్న వెంటనే టీ తాగితే ఆ సాయం వృథా.

వాడు ఒకటి తిని, రెండోది తీసుకొని, తీరిగ్గా నమిలి, "మామా, బాగుంది గానీ, ఇది అలసంద వడే గదా?" అన్నాడు.

వాడి మాట నిజమే. బర్గరును బాగుచేసుకుంటూ పోతే చివరికి తేలేది మన వంటింట్లోని ఏదో ఒక పదార్థమే. కానీ వాడు అదే అలసంద వడను గత మూడేళ్ళలో మా ఇంట్లో ఎన్నిసార్లు పెట్టినా ముట్టలేదు, బన్ను మధ్యన పెడితే రెండు తిన్నాడు. అమ్మ అన్న టోపీ వాడికి కావాలి. పదిహేనేళ్ళ పిల్లవాడికి తన ఈడువాళ్ళు తినేది తినాలని ఉండడంలో తప్పేముంది? వాడికి అక్కరలేనివి ఆ బంగాళాదుంప బిళ్ళ, ఆ తెల్లటి పూత, ఆ చల్లటి డ్రింకు. బిళ్ళ మారిస్తే బర్గరు మారుతుంది. బన్ను రంగు మారిస్తే బిల్లు మాత్రమే మారుతుంది.

ఈ గొడవంతా నాకెందుకంటే, వాడి చెల్లెలికి నిరుడు రక్తం తక్కువని తేలింది. పన్నెండేళ్ళ పిల్ల. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుండి నలభైతొమ్మిదేళ్ళ మధ్య స్త్రీలలో నూటికి యాభైఏడు మందికి రక్తహీనత ఉన్నదని చదివినప్పుడు అది ఒక అంకె. ఇంట్లో పిల్ల మెట్లెక్కి ఆయాసపడుతుంటే అంకె కాదు. డాక్టరు మాత్రలు రాశాడు, మాత్రలు వేసుకుంటున్నది. ఆ పిల్ల బడి గేటు ఎదుట బండి మీద సాయంత్రం పూట అమ్మేవి ఏమిటో మా అక్క ఫోనులో చెప్పింది. బడి గేటుకు యాభై మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండి అమ్మరాదని 2020లో దేశానికంతటికీ నిబంధన వచ్చింది. అది కొలిచే టేపు ఎవరి దగ్గరుందో మా అక్కకు ఇంకా తెలియలేదు. అదే సమయంలో మన రాష్ట్రపు సర్కారు బడుల్లో 2023 మార్చి నుండి పిల్లలకు రాగిజావ పోశారు, మధ్యాహ్న భోజనంతో చెనక్కాయల చిక్కీ ఇచ్చారు. ఇది ఏ ప్రభుత్వాన్నీ పొగడడానికి చెప్పడం లేదు. కంకి బొమ్మ లేని స్టీలు గ్లాసులో, బన్నులో కన్నా ఎక్కువ రాగి ఉండగలదని చెప్పడానికి. ఫీజు కట్టి చదివించే బడిలో ఆ గ్లాసు లేదు.

సెలవులు ముగిసే ముందురోజు మా వీధి బేకరీకి వెళ్ళి రాగి బన్ను చేయగలవా అని అడిగాను. అతను మొహమాటం లేకుండా చెప్పాడు. "రాగి ఎక్కువైతే పొంగదు సార్, ఇటుకయిపోతుంది. మైదాలో ఉండే జిగురు రాగిలో లేదు. పావు వంతు వేస్తాను, మిగిలింది గోధుమపిండి. రంగు వేయను. పావు వంతు అనే రాసి పెడతాను, ఇష్టమున్నోళ్ళు కొంటారు." పెద్ద కంపెనీల పొట్లాల మీద కంకి బొమ్మలు చూసి విసిగిన కంటికి, పెన్నుతో 'రాగి పావు వంతు' అని రాసిన ఆ అట్టముక్క ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అరడజను తీసుకున్నాను. మా వాడు నాలుగు బెంగుళూరు పట్టుకుపోయాడు, చెల్లెలి కోసం ఊరిబిండి డబ్బాతో సహా.

నిన్న ఫోను చేశాడు. బన్నులు అయిపోయాయట. సంక్రాంతికి వచ్చేటప్పటికి అనపకాయలు దిగుతాయి గదా, పితికిపప్పుతో బిళ్ళలు చేద్దామా మామా అని అడిగాడు. గింజలు పితకడం ఎవరి పని అని నేను అడిగాను. కాసేపు మౌనం. తరువాత, "నేనే పితుకుతాలే" అన్నాడు.